పసి ఊపిరికి బుడగల అండ
నెలలు నిండని బిడ్డలకు దారే పెద్ద గండం

పాతపాళ్య: ‘ఏడో నెల బిడ్డ నిలుస్తుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు’... పల్లెల్లో పెద్దలు అనే మాటిది. నిజం మాత్రం వేరు. కడుపులో గడిపే ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఏడో నెల కంటే ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డే బతికే అవకాశం ఎక్కువ. ఇద్దరికీ తొలి గండం ఒక్కటే... ఊపిరి. పాతపాళ్య వంటి సరిహద్దు ఊళ్లో నెలలు నిండకుండా కాన్పయితే బాగేపల్లికి, చిక్కబళ్లాపురానికి, ఒక్కోసారి బెంగళూరు దాకా పరుగు తీయాల్సిందే. ఆ దారి పొడవునా పసికందు ఊపిరి నిలిపేదెలా?

ఎందుకీ ఆయాసం?
37 వారాలు నిండకుండా పుడితే నెల తక్కువ బిడ్డ కిందే లెక్క. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు మూసుకుపోకుండా కాపాడే పలుచని పొర ఒకటుంటుంది. పేరు సర్ఫాక్టెంట్. మరీ ముందుగా పుట్టిన బిడ్డల్లో ఇది చాలదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ గదులు ముడుచుకుంటాయి. మళ్లీ తెరవాలంటే కొత్త బెలూన్ ఊదినంత కష్టం. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు పాట్రిక్ ఐదున్నర వారాలు ముందే పుట్టి, రెండు రోజులైనా నిండకుండా ఈ జబ్బుకే బలయ్యాడు. ఎంత పలుకుబడి ఉన్నా అప్పట్లో తగిన చికిత్సే లేదు.

ముక్కు దగ్గరే సాయం
1971లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యుడు జార్జ్ గ్రెగరీ బృందం ‘సీప్యాప్’ పద్ధతిని లోకానికి చాటింది. ఇప్పుడు దీనికి గొంతులోకి గొట్టం దించనక్కర్లేదు. ముక్కు దగ్గర చిన్న గొట్టాలు అమర్చి, వెచ్చని, తేమగల గాలిని ఆక్సిజన్‌తో కలిపి ఆగకుండా పంపుతారు. గొట్టం రెండో కొసను సీసాలోని నీటిలో ముంచుతారు. ఐదు సెంటీమీటర్లు ముంచితే అంత ఒత్తిడి. బుడగలు వస్తున్నాయంటే గాలి అందుతున్నట్టే. ఆ ఒత్తిడికి గాలిగదులు మూసుకోవు. ఊపిరి తీసేది బిడ్డే, యంత్రం ఆసరా మాత్రమే. ఆక్సిజన్ మోతాదు మించితే కళ్లకు ముప్పు. అందుకే శిక్షణ ఉన్న నర్సు కనిపెట్టుకుని ఉండాలి.

ఆసుపత్రి చేరేలోగానే ప్రాణం పోతున్న పసివాళ్ల కోసం బెంగళూరులోని కోయో ల్యాబ్స్ ‘సాన్స్’ అనే చిన్న యంత్రాన్ని తయారుచేసింది. కరెంటు లేకుంటే బ్యాటరీతో, అదీ లేకుంటే చేత్తో గాలి కొట్టి నడపొచ్చు. రూపకర్తల్లో ఒకరైన నితేశ్ కుమార్ జాంగిర్‌కు 2019లో కామన్వెల్త్ పురస్కారం దక్కింది.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?
* నెలలు నిండకుండా నొప్పులొస్తే ‘తగ్గుతాయిలే’ అని ఊరుకోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.
* 34 వారాల లోపైతే తల్లికి డెక్సామెథాసోన్ సూది గురించి అడగాలి. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. తొలి మోతాదును ఏఎన్ఎం కూడా ఇవ్వొచ్చని 2014లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాల్లో చెప్పింది.
* బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, పెదాలు నీలంగా మారినా క్షణం ఆగొద్దు.
* దారిలో బిడ్డకు చలి తగలనీయొద్దు. తల్లి గుండెలకు ఆనించి, పైన బట్ట కప్పాలి.
* 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో జబ్బుపడ్డ పసిబిడ్డకు చికిత్స, రవాణా ఉచితం.

అన్నిటికన్నా మేలైన మాట ఇంకొకటుంది. పుట్టిన బిడ్డను తరలించడం కంటే, కడుపులో ఉండగానే తల్లిని పెద్దాసుపత్రికి చేర్చడం మంచిది. అమ్మ కడుపును మించిన అంబులెన్స్ లేదు.