తనంతట తానే సర్దుకునే కాంక్రీటు

మనలో చాలామంది నాన్నలు, అన్నలు పొలం పనులు లేని రోజుల్లో విజయనగరం, విశాఖపట్నం వెళ్ళి స్లాబు పని చేస్తారు. మా చిన్నాన్న కూడా అంతే. ఆయన మోసే కాంక్రీటు గురించి నేను తెలుసుకున్న సంగతులు రాస్తున్నాను.

కాంక్రీటు అంటే సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ళు. పునాదిలో పోశాక అది చువ్వల సందుల్లోకి పూర్తిగా దిగాలి. లోపల గాలి ఉండిపోతే గట్టిపడ్డాక గుల్ల పడుతుంది. ఆ గుల్లలోంచి తడి చేరి చువ్వలు తుప్పు పడతాయి. అందుకే వైబ్రేటర్ పెడతారు. కానీ చువ్వలు దగ్గర దగ్గరగా కట్టిన పెద్ద పునాదిలో దాని గొట్టం దూరదు.

సులువుగా జారుతుందని కొంతమంది నీళ్ళు ఎక్కువ పోసేస్తారు. అది చాలా ప్రమాదం. చోడి అంబలి పల్చగా కాచి ఉంచితే పిండి అడుక్కి, నీళ్ళు పైకి వస్తాయి కదా! కాంక్రీటులోనూ అంతే. కంకర అడుక్కి పోతుంది. ఎక్కువైన నీళ్ళు ఆరిపోయిన చోట సన్నని రంధ్రాలు మిగిలి బలం తగ్గుతుంది.

మరి జారాలి, కానీ విడిపోకూడదు. ఎలా? 1986లో టోక్యో విశ్వవిద్యాలయం ఆచార్యులు హజిమె ఒకమురా ఈ ఆలోచన చెప్పారు. జపాన్‌లో నేర్పున్న పనివాళ్ళు తగ్గిపోతున్న రోజులవి. 1988లో మొదటి నమూనా తయారయింది. ఇందులో కంకర తక్కువ, మెత్తని పొడి ఎక్కువ. పొడి అంటే సిమెంటు, దానితోపాటు థర్మల్ కేంద్రాల్లో వచ్చే బొగ్గు బూడిద. సూపర్ ప్లాస్టిసైజర్ అనే మందు కొద్దిగా కలుపుతారు. అది సిమెంటు రేణువులు ముద్ద కట్టకుండా విడదీస్తుంది. అందువల్ల నీళ్ళు పెంచకుండానే కాంక్రీటు జారుతుంది.

పరీక్ష ఇలా చేస్తారు. 30 సెంటీమీటర్ల ఎత్తున్న గరాటు లాంటి అచ్చులో నింపి, అచ్చు పైకి ఎత్తుతారు. కాంక్రీటు 55 నుంచి 85 సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా పరుచుకోవాలి. అంచున నీళ్ళు విడిపోతే పనికిరాదు.

పెద్ద పునాదికి రెండు చిక్కులున్నాయి. ఒకటి వేడి. సిమెంటులో నీళ్ళు కలిస్తే వేడి పుడుతుంది. మందమైన పునాది నడుమ ఆ వేడి బయటికి పోదు. లోపల వేడిగా, పైన చల్లగా ఉంటే బీటలిస్తుంది. తేడా 20 డిగ్రీలు దాటకుండా చూస్తారు. బూడిద కలిపితే వేడి తగ్గుతుంది. కొన్నిచోట్ల నీళ్ళ బదులు కొంత మంచు వేస్తారు. రెండోది, పని మధ్యలో ఆపకూడదు. ముందు పొర గట్టిపడితే తర్వాతి పొర దానికి సరిగ్గా అతుక్కోదు.

ఆగకుండా పోయడానికి మన పోలవరమే ఉదాహరణ. అక్కడ 2019 జనవరి 6 ఉదయం నుంచి 7 ఉదయం దాకా, 24 గంటల్లో 32,315.5 ఘనపు మీటర్ల కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు సాధించారు. ఇక తనంతట సర్దుకునే కాంక్రీటుకి దుబాయి బుర్జ్ ఖలీఫా ఉదాహరణ. దాని పునాది దిమ్మ మందం 3.7 మీటర్లు. 12,500 ఘనపు మీటర్లు పట్టింది.

ఈ కాంక్రీటు ఖరీదెక్కువ. మన ఊళ్ళలో ఇళ్ళకి వాడరు. కానీ అది నేర్పే పాఠానికి ఖర్చు లేదు. కలిపేటప్పుడు నీళ్ళు కొలతగా పోయాలి. గట్టిపడ్డాక మాత్రం వారం, పది రోజులు బాగా తడపాలి. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ రెండు మాటలు తప్పకుండా చెప్పండి. ఆ స్లాబు కిందే కదా మన వాళ్ళు పడుకునేది!