పాత కంప్యూటరులో లినక్స్ – పరికరముల పేచీ

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 కోరు భద్రతా చిప్పు అనేక పాత యంత్రములలో లేదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల ఉన్నత పాఠశాలలలో ఇట్టి కంప్యూటర్లు మూలబడి ఉన్నచో, వానిని పాత సామాను క్రింద తీసివేయుటకు ముందు లినక్స్‌ను పరీక్షించి చూడవలెను. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఉచితముగా లభించును. మన దేశపు సీడాక్ సంస్థ రూపొందించిన 'బాస్' లినక్స్‌లో తెలుగు కూడ కలదు. అయితే దానిని ఎక్కించుచున్నప్పుడు తెర నల్లబడుటయో, వైఫై కనబడకపోవుటయో జరుగుచుండును. "ఈ యంత్రమునకు లినక్స్ సరిపడదు" అని అంతటితో వదలివేయుదురు. చాల సందర్భములలో ఇది తొందరపాటు.

పరికరముల పేచీ అనగా నేమి? తరగతిలో ఇద్దరు పిల్లలకు ఒకే హాజరు నంబరు ఉన్నదనుకొనుడు. ఉపాధ్యాయుడు ఆ నంబరు పిలువగనే ఇద్దరును పలుకుదురు. పూర్వపు కంప్యూటర్లలో సరిగా ఇదే జరిగెడిది. కీబోర్డు, ప్రింటరు, మోడెము మొదలగునవి ప్రాసెసరును పిలుచుటకు ఒక్కొక్క తీగను వాడుకొనెడివి. దీనిని 'ఇంటరప్ట్' అందురు. 1984 నాటి ఐ.బి.ఎం. యంత్రములో ఇట్టివి 16. రెండు చిప్పులను కలుపుటకు ఒకటి పోగా 15 మిగిలెడివి. మొదటి సీరియల్ పోర్టునకు మౌసును, మూడవదానికి మోడెమును తగిలించినచో రెండింటికిని 4వ నంబరే. మోడెము ఫోను కలుపగనే మౌసు కదలక నిలిచిపోయెడిది! తరువాత వచ్చిన పి.సి.ఐ. పద్ధతిలో ఒకే తీగను పలు పరికరములు పంచుకొనవచ్చును. పిలిచిన దెవరో ప్రాసెసరు ఒక్కొక్కదానిని విచారించి తెలిసికొనును. నేటి పరికరములు తీగతో పని లేకయే సందేశము వ్రాసి పంపుచున్నవి. కనుక నంబరు తగాదా దాదాపు అంతరించినది.

నేడు మనము పేచీ అనుచున్నది ఎక్కువగా దుబాసీ సమస్య. ప్రతి పరికరమునకును, లినక్స్‌కును నడుమ 'డ్రైవరు' అను ప్రోగ్రాము దుబాసీగా ఉండవలెను. కొన్నింటికి దుబాసీ ఉండడు, కొన్నింటికి ఇద్దరుందురు. ఎన్‌విడియా చిత్రపు కార్డులకు ఆ సంస్థవారి డ్రైవరొకటి, స్వచ్ఛంద కార్యకర్తలు వ్రాసిన 'నూవో' అనునది మరియొకటి. ఒకే కార్డును రెండును పట్టుకొనజాలవు. తెర నల్లబడినచో, ప్రారంభపు పట్టికలో 'సేఫ్ గ్రాఫిక్స్' అను వరుస ఉన్నదేమో చూడుడు. లేనిచో 'ఇ' మీట నొక్కి, లినక్స్ అను మాటతో మొదలగు వాక్యము చివర 'నోమోడ్‌సెట్' అని ఆంగ్లాక్షరములలో, దాని ముందు ఒక ఖాళీ విడిచి, ఒకే మాటగా చేర్చుడు. సాధారణముగా తెర సాదా రూపమున వచ్చును. సరియైన డ్రైవరును తరువాత తీరికగా ఎక్కించుకొనవచ్చును.

వైఫై సంగతి వేరు. డ్రైవరుతో బాటు చిప్పులోనికి పంపవలసిన 'ఫర్మ్‌వేర్' కూడ కావలెను. డెబియన్ వారు 2023లో వెలువడిన 12వ రూపము నుండి దీనిని స్థాపక డిస్కులోనే చేర్చుచున్నారు. అయినను బ్రాడ్‌కామ్ పాత చిప్పులు కొన్నింటికి దీనిని ఇంటర్నెట్టు నుండియే దింపుకొనవలెను. ఇంటర్నెట్టు కొరకు ఇంటర్నెట్టు కావలెనన్నమాట! సెల్‌ఫోనును యు.ఎస్.బి. తీగతో కలిపి 'టెథరింగ్' పెట్టినచో ఈ చిక్కు వీడును.

దోషమును ఊహించుట కంటె యంత్రమునే అడుగుట మేలు. పెన్‌డ్రైవు నుండి లినక్స్‌ను 'లైవ్'గా నడిపినచో హార్డుడిస్కు జోలికి పోకుండ పరీక్షించవచ్చును. టెర్మినల్ తెరచి ఎల్, ఎస్, పి, సి, ఐ అను అయిదు చిన్న అక్షరములు వరుసగా కొట్టి, ఖాళీ విడిచి, అడ్డగీత, దాని ప్రక్కనే ఎన్, ఎన్, కె కొట్టుడు. ప్రతి పరికరపు పేరు, నంబరు, దానిని వాడుచున్న డ్రైవరు కనబడును. నంబరులో మొదటి సగము తయారీదారుది: 8086 ఇంటెల్, 14ఇ4 బ్రాడ్‌కామ్. డ్రైవరు వాడుకలో ఉన్నదని చెప్పు వరుస ఏ పరికరము క్రింద లేదో అనుమానము మొదట దానిమీదనే. పెట్టె మీది పేరు కంటె ఈ నంబరే నమ్మదగినది. ఒకే మోడలు పేరుతో వేర్వేరు చిప్పులు వచ్చుచుండును.

హార్డుడిస్కే కనబడనిచో బయోస్‌లో డిస్కు పద్ధతి 'రెయిడ్'గా ఉన్నదేమో చూచి 'ఎ.హెచ్.సి.ఐ.'కి మార్చవలెను. విండోస్ అందులోనే ఉండిన యెడల ఈ మార్పుతో అది తెరచుకొనకపోవచ్చును. పిల్లల మార్కుల పట్టికలు ముందుగా వేరొకచోట భద్రపరచుడు.

పేచీ కానిదానిని పేచీ అనుకొనుటయు కలదు. బొగ్గు గనులున్న భూపాలపల్లి వంటిచోట ఫ్యాను రెక్కలలో దుమ్ము పేరుకొని, ప్రాసెసరు వేడెక్కి, స్థాపన సగములో ఆగుట వింత కాదు. ప్రతిసారి వేర్వేరు చోట ఆగుచున్నచో దుమ్మును గాని, మెమరీని గాని శంకింపవలెను. రెండు మెమరీ పలకలున్నచో, కరెంటు తీసివేసి, ఒక్కొక్కదానితో విడివిడిగా నడిపి చూడుడు. మదర్‌బోర్డు మీది 3 వోల్టుల బిళ్ల సెల్లు అయిపోయినచో తేదీ వెనుకకు పోవును. బయోస్‌లో మనము చేసిన మార్పులు చెరిగిపోవును. తేదీ తప్పగుటచే ఇంటర్నెట్టులోని భద్రతా పత్రములు చెల్లక ప్రోగ్రాములు దిగవు. నిన్న కనబడిన డిస్కు నేడు మాయమైనచో ముందుగా గడియారము చూడుడు. ఆ సెల్లు నంబరు సి.ఆర్. 2032, గడియారముల దుకాణములో దొరకును.