గాలితోనా, నీటితోనా: ఇంజిన్‌ను చల్లార్చే తొలినాటి పోటీ

హోప్ టౌన్ (అండమాన్): 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో హత్యకు గురైన రేవుగా చరిత్రకెక్కిన హోప్ టౌన్, శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్) నౌకాశ్రయానికి అవతలి ఒడ్డున ఉంది. ప్రధాన భూభాగపు విద్యుత్ గ్రిడ్‌తో సంబంధం లేని ఈ ద్వీపాలకు వెలుగు ప్రధానంగా డీజిల్ జనరేటర్ల నుంచే అందుతోంది. ఇంజిన్ వేడెక్కి ఆగితే దీపాలు ఆరినట్టే. అందుచేత ఇంజిన్‌ను ఎలా చల్లార్చాలన్న ప్రశ్న ఇక్కడ ఇంకా పాతబడలేదు.

ఇంధనం మండగా పుట్టిన ఉష్ణంలో తొలినాటి ఇంజిన్లు పనిగా మార్చుకోగలిగింది స్వల్పమే. మిగిలినదానిలో కొంత పొగతో పోగా, కొంత సిలిండర్ గోడలకు ఎక్కుతుంది. దానిని తొలగించకపోతే కందెన నూనె మాడి, పిస్టన్ బిగుసుకుపోతుంది.

1885లో జర్మనీలో ఇద్దరు రెండు దారులు పట్టారు. డైమ్లర్ తన ద్విచక్ర వాహనపు ఇంజిన్‌ను గాలితో చల్లార్చగా, బెంజ్ తన మూడు చక్రాల బండిలో నీటిని మరగనిచ్చాడు. ఆవిరైనంత నీరు మళ్లీ పోయవలసిందే. 1901 నాటి మెర్సిడెస్ కారుకు మేబాక్ రూపొందించిన తేనెపట్టు రేడియేటర్ ఆ బెడదను చాలావరకు తీర్చింది. కొద్దిపాటి నీరే తిరుగుతూ, చల్లబడుతూ పని నడిపేది.

విమానాల్లో మాత్రం తగవు తేలలేదు. 1903లో రైట్ సోదరులు వాడింది నీటితో చల్లబడే ఇంజిన్. తరువాత వచ్చిన ఫ్రెంచ్ నోమ్ ఇంజిన్‌లో సిలిండర్లే ప్రొపెల్లర్‌తో పాటు గిరగిర తిరిగేవి. చూడటానికి వింతే అయినా రేడియేటర్ బరువు తప్పింది. 1927లో లిండ్‌బర్గ్ అట్లాంటిక్‌ను దాటింది గాలితో చల్లబడే రైట్ వర్ల్‌విండ్ ఇంజిన్‌తోనే. నీరు కారిపోయే గొట్టమే లేకపోవడం సముద్రంపై ఎగిరేవారికి పెద్ద భరోసా.

మరి విద్యుత్ కేంద్రాలకు గాలి ఎందుకు చాలదు? సిలిండర్ కొలతలన్నీ రెట్టింపైతే గాలి తగిలే ఉపరితలం నాలుగు రెట్లు, ఇంధనం మండే ఘనపరిమాణం ఎనిమిది రెట్లు అవుతాయి. వేడి పుట్టినంత వేగంగా బయటికి పోయే దారి ఉండదు. పొలంలోని చిన్న పంపుసెట్‌కు సిలిండర్‌పై లోహపు రెక్కలు సరిపోవచ్చు. మెగావాట్ల ఇంజిన్‌కు నీరే దిక్కు.

చుట్టూ సముద్రమున్నా ఆ ఉప్పునీటిని నేరుగా ఇంజిన్‌లోకి పంపితే తుప్పు పట్టి, గొట్టాల్లో పొలుసు పేరుకుంటుంది. అందుకే ఓడల్లోనూ, తీరప్రాంత కేంద్రాల్లోనూ సాధారణంగా రెండు వలయాలు ఉంటాయి. ఇంజిన్ చుట్టూ శుద్ధిచేసిన మంచినీరు తిరుగుతుంది; దాని వేడిని పలుచని లోహపు గోడ ద్వారా సముద్రపు నీరు తీసుకుపోతుంది. రెండు నీళ్లూ ఎక్కడా కలవవు. వానాకాలం ముగిశాక మంచినీటికి కటకటపడే ద్వీపాల్లో, నింపిన నీరే మళ్లీ మళ్లీ తిరగడం అదనపు లాభం.