బెండు లేదు, గుండు లేదు: మరి ఈ గాలం ఎలా ఎగురుతుంది?

మేం ఇంట్లో గాలం అంటాం, వీధిలో కాలు పెడితే తూండిల్ అంటాం. కోయంబత్తూరు పీళమేడులో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళకు నాలుక అలా రెండు వైపులా తిరుగుతుంది. మొన్న సెలవులకు మదురై నుంచి వచ్చిన మా అక్క కొడుకు అటక మీదున్న రేకు గొట్టం దించి, మూత తీసి, లోపలి కర్రముక్కల్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "మామా, దీనికి బెండు లేదు, సీసపు గుండు లేదు. కొక్కేనికి నాలుగు ఈకలు కట్టారంతే. ఇది నీళ్ళ దాకా ఎలా పోతుంది?"

సరిగ్గా అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఫ్లై ఫిషింగ్ సామాను ఎలా కొనాలో, ఎలా బాగుచేయాలో, ఎక్కడ దాచాలో అన్నిటికీ జవాబు ఈ ఒక్క ప్రశ్నలోంచే వస్తుంది.

వడిసెలకూ కొరడాకూ ఉన్న తేడా గుర్తు చేసుకోండి. వడిసెలలో బరువు రాయిది. రాయి ఎగిరితే తాడు వెంట వెళ్తుంది. మన చెరువు గాలమూ అంతే, గుండు ముందు, దారం వెనక. కొరడాకు కొసన ఏ బరువూ లేదు, దాని తాడే బరువు. చేతి ఊపు తాడు వెంట పాకి కొస దాకా పోతుంది. ఫ్లై అంటే ఈకలతో, దారంతో ఈగలాగా కట్టిన కొక్కెం. దానికి తూకమంటూ ఏమీ ఉండదు. దాన్ని మోసుకెళ్ళేది ప్లాస్టిక్ పూత వేసిన మందపాటి లైను. అందుకే ఈ సామానులో మొదట ఎంచుకోవాల్సింది లైను, ఆ తర్వాతే కర్ర.

లైను మీద ఆ అంకె ఏమిటి?

లైను డబ్బా మీద 4, 5, 8 అని అంకె ఉంటుంది. లైను ముందు భాగంలో 30 అడుగులు కత్తిరించి తూస్తే ఎంత ఉంటుందో ఆ అంకె చెబుతుంది. 5 నంబరంటే 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. మన వైపు బంగారం లెక్కలో చెప్పాలంటే, సవరనుకు ఒక గ్రాము ఎక్కువ. 8 నంబరు 210 గ్రెయిన్లు, సవరనున్నర దాటుతుంది. కర్ర మీద కూడా పిడికి కాస్త పైన అదే అంకె రాసి ఉంటుంది. ఆ బరువుకు ఈ కర్ర సరిగ్గా వంగుతుందని దాని అర్థం. 8 నంబరు కర్రకు 5 నంబరు లైను ఎక్కిస్తే కర్ర వంగదు, వంగకపోతే విసరదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నెలల తరబడి తమ చేతినే తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు చేతిది కాదు, జోడీది.

మరి ఏ నంబరు? అది మీరు వెళ్ళే నీటిని బట్టి. మనకు దగ్గరలో ట్రౌట్ ఉన్నది నీలగిరులలో. ఈ చేప మన నేలది కాదు. 1860లలో ఫ్రాన్సిస్ డే మొదలైనవాళ్ళు దాన్ని ఈ కొండల మీద పెంచాలని చూశారు. 20వ శతాబ్దం మొదట్లో హెచ్.సి. విల్సన్ చేతుల మీదుగా రెయిన్‌బో ట్రౌట్ నిలదొక్కుకుంది. అవలాంచిలో దాని గుడ్లు పొదిగించే కేంద్రం వెలిసింది. చల్లటి నీళ్ళు లేకపోతే బతకదు కనుక కొండ దిగి రాదు. దానికి 4 గానీ 5 గానీ నంబరు, ఎనిమిదిన్నర తొమ్మిది అడుగుల కర్ర చాలు. మైదానంలోని చెరువుల్లో జిలేబి చేపకూ ఇదే సరిపోతుంది. తమిళంలో విరాల్ అనే మన కొరమీను కోసమైతే గడ్డి మధ్యనుంచి లాగాలి కాబట్టి 7, 8 ఉండాలి. మహసీర్‌కు 8కి తగ్గితే కుదరదు.

ఈ చెరువుల మాట కొత్తదేం కాదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' వేశాడు. 1887లో ప్రత్యేకంగా చెరువుల్లో గాలం వేయడం మీదే ఇంకో పుస్తకం రాశాడు. కొండ ఎక్కే వీలు లేనివాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదని నేననేది అందుకే.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. నీలగిరులలో మంచి నీళ్ళు చాలావరకు అడవిలో ఉన్నాయి, కొన్ని జాతీయ ఉద్యానంలో ఉన్నాయి. అనుమతి ఉందా, ఎవరివ్వాలి అన్నది మత్స్యశాఖనూ అటవీశాఖనూ అడిగి తెలుసుకున్నాకే సామాను కొనండి. పట్టిన చేపను వదిలేయాలనుకుంటే కొక్కెం ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేసుకోండి. చేప నోరు చిరగదు, మీ వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది.

పాత కర్ర కొంటే ఏం చూడాలి?

మూడు చూడండి. ముక్కలు బిగించి, ఒక కన్ను మూసి, పిడి వైపు నుంచి తుపాకీ గురి చూసినట్టు చూడండి. రింగులన్నీ ఒకే గీతలో ఉండాలి. తర్వాత జాయింట్ల దగ్గర వేలిగోరు నిలువుగా పోనిచ్చి పగులు తగులుతుందేమో చూడండి. మూడోదానికి దూది కావాలి. పత్తి ఊరివాళ్ళం, దూదికేం కొదవ? చిన్న పింజ తీసుకుని ఒక్కో రింగు లోపలంతా తిప్పండి. పీచు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ కంటికి కనబడని పగులుంది. ఆ పగులు మీదుగా వెళ్ళిన ప్రతిసారీ లైను పూత గీసుకుపోతుంది. కర్ర ధర ఎంతైనా తగ్గించనివ్వండి, రింగు మార్చే ఓపిక లేకపోతే అలాంటిది కొనకండి.

వెదురు కర్రా, కార్బన్ కర్రా అని అడుగుతారు. నేర్చుకునేవాళ్ళకు కార్బనే. తేలిక, తడికి తట్టుకుంటుంది. కానీ అది కరెంటును మోస్తుంది. చెరువు గట్టు మీద తీగలు ఉన్నచోట, ఉరుములు వినబడే వేళ దాన్ని ఎత్తకండి. ఇక వెదురు కర్ర అంటే ఆరు ముక్కోణపు బద్దలను అతికించి చేసిన షడ్భుజి. 19వ శతాబ్దంలో అమెరికాలో తొలినాటి బద్ద కర్రలు చేసినవాళ్ళు వాడింది కలకత్తా రేవు మీదుగా వెళ్ళిన వెదురే. తర్వాత చైనా నుంచి వచ్చిన టాంకిన్ వెదురు దాన్ని వెనక్కి నెట్టింది.

ఊడిన రింగును మళ్ళీ ఎలా కట్టాలి?

ఇది నేర్చుకుంటే సగం మరమ్మతులు వచ్చినట్టే. పాత దారాన్ని రింగు పాదం మీద, అంటే లోహం మీద మాత్రమే బ్లేడుతో కోయండి. కార్బన్ మీద బ్లేడు గీత పడితే తర్వాతెప్పుడో సరిగ్గా అక్కడే విరుగుతుంది. పాదం కొసను చిన్న ఆకురాయితో కత్తి అంచంత పలచగా అరగదీయండి. అది మొండిగా ఉంటే దారం ఎక్కలేక జారి, అక్కడ సందు మిగులుతుంది. రింగును సన్నటి టేపు ముక్కతో కర్రకు నిలపండి.

దారం నైలానుదైనా పట్టుదైనా ఫరవాలేదు. నా దగ్గరున్న పట్టు దారపు కండె మదురై పుదుమండపంలో కొన్నది. తిరుమల నాయకుడు కట్టించిన ఆ రాతి మండపంలో స్తంభాల మధ్య దర్జీలు మిషన్లు వేసుకుని కూర్చునే రోజుల్లో, ఒక దారాల కొట్టులో ఏరుకున్నాను. కండెను గిన్నెలో వేసి, దారాన్ని బరువైన పుస్తకం పేజీల మధ్యనుంచి లాగండి. ఆ బిగువు చాలు. పాదానికి మూడు నాలుగు మిల్లీమీటర్ల అవతల కర్ర మీద మొదలుపెట్టి, తొలి చుట్టు మీదుగా రెండోది దాటించి కొసను నొక్కేయండి. ఇక దారాన్ని కదపకండి, కర్రనే తిప్పండి. చుట్టు పక్కన చుట్టు పడుతూ దారం దానంతటదే పాదం మీదికి ఎక్కుతుంది. ఇంకా ఆరు చుట్లు ఉందనగా, వేరే దారం ముక్కను మడిచి ఉచ్చులా పడుకోబెట్టి దాని మీదుగానే చుట్టండి. ఆఖర్న దారం తెంపి, కొసను ఉచ్చులో దూర్చి, ఉచ్చును లాగేయండి. కొస చుట్ల కిందికి పోయి దాక్కుంటుంది. ముడి లేదు.

పైన పూయాల్సింది రెండు భాగాల ఎపాక్సీ. కొలత సమానంగా ఉండాలి, కంటి అంచనా వద్దు. పూశాక కర్రను వదిలేస్తే పూత కిందికి జారి బొట్టు కడుతుంది. గట్టిపడేదాకా మెల్లగా తిప్పుతూనే ఉండాలి. చేత్తో తిప్పితే కొన్ని నిమిషాలకోసారి పావు తిప్పు. లేదా నిమిషానికి కొద్ది చుట్లు తిరిగే చిన్న మోటారుకు తగిలించండి. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు చేసిన ఊరు మాది, ఇక్కడ మోటారుకు వెతుక్కోవాల్సిన పని లేదు.

రీలును మేం గిరక అంటాం. ఒకసారి దాని ఇరుసు బుష్ అరిగి గిలక్కాయలా ఊగింది. విడిభాగం దొరకలేదు. వీధి చివర లేత్ పట్టరైకి, అంటే వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. "ఏమి మామా ఇది, బావి గిరకకు పిల్లా?" అన్నాడు పట్టరై కుర్రాడు. "చేపల గిరకరా తమ్ముడా" అన్నాను. కాలిపర్‌తో ఇరుసు కొలిచి, ఇత్తడి ముక్క పట్టి, పావుగంటలో బుష్ తీసిచ్చాడు. పంపుల ఇరుసులు చేసే చేతికి అదెంత. మీ ఊళ్ళో లేత్ ఉంటే పాత రీలు పారేయకండి.

చిట్కొస రింగు ఊడితే ఎపాక్సీ అక్కర్లేదు. వేడికి కరిగే జిగురు చాలు, మళ్ళీ మార్చాల్సి వచ్చినప్పుడు కాస్త వేడి తగిలిస్తే వస్తుంది. మంటను మాత్రం కార్బన్‌కు తాకించకండి. లైను కొసన ఉన్న రెడీమేడ్ ఉచ్చు చీలితే దాన్ని కోసేసి, ఖాళీ పెన్ను రీఫిల్ ముక్కను పక్కన పెట్టుకుని నైలాను దారంతో అయిదారు చుట్లు వేసి, కొసను రీఫిల్ లోంచి దూర్చి, రీఫిల్ లాగేసి బిగించండి. ముడి సన్నగా, నున్నగా వస్తుంది, రింగుల్లో చిక్కదు.

ఇంటికొచ్చాక ఎక్కడ పెట్టాలి?

ఈ ప్రశ్నకు నా దగ్గరున్నది పుస్తకంలో జవాబు కాదు. ఊటీ వైపు తేయాకు తోటలో పనిచేసిన మా చిన్నాన్న తన వెదురు కర్ర నాకిచ్చాడు. ఒక జులైలో వానలో తడిసి దిగి వచ్చాను. పొద్దుపోయింది, ఒళ్ళు నొప్పులు. తడి సంచితోనే కర్రను రేకు గొట్టంలో తోసి మూత బిగించి అటకెక్కించాను. మూడు నెలల తర్వాత తీస్తే వార్నిష్ పాలమీగడలా తెల్లబారింది, రింగుల పాదాల దగ్గర పచ్చటి చిలుము, నడిమి ముక్క వంకర. చిన్నాన్న ఏమీ అనలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని పాత పంచె గుడ్డతో చాలాసేపు తుడిచాడు.

ఎందుకలా అయింది? పైన నీలగిరులలో గాలే తడి. 2019 ఆగస్టులో అవలాంచిలో ఒక్క రోజులో 800 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. ఆ తడిని మూడు నాలుగు గంటల్లో కిందికి, మన అటకల వేడిలోకి తెస్తాం. మూసిన గొట్టంలో నీరు ఆవిరై మళ్ళీ కర్ర మీదే పడుతుంది. పాత కర్రల్లో బద్దలను పట్టి ఉంచిన జిగురు నీళ్ళకు మెత్తబడేది. కార్బన్ కర్ర అయినా పూత కింద పొక్కులు లేస్తాయి. కాబట్టి ఇంటికి రాగానే కర్రను తుడిచి, ఫ్యాను కింద ఒక రాత్రి ఉంచండి. సంచిని వేరుగా ఆరేయండి. వెదురు కర్రను మూలకు ఆనించకండి, గుడ్డ సంచిలో మేకుకు నిటారుగా వేలాడదీయండి.

లైనును గోరువెచ్చటి సబ్బునీళ్ళలో ముంచి, మెత్తటి గుడ్డలోంచి లాగి, పెద్ద చుట్లుగా వదులుగా చుట్టండి. ఎండలో నిలిపిన కారులో వదలకండి. దోమల మందు రాసుకున్న చేతితో ముట్టుకోకండి, డీట్ ఉన్న మందు ప్లాస్టిక్‌ను తినేస్తుంది. రీలు మీద లైనును బిగబట్టే డ్రాగ్ గుబ్బను పూర్తిగా వదులు చేయండి, లేకపోతే లోపలి దిమ్మ నెలల తరబడి నొక్కుకుపోయి పట్టు పోతుంది. ఫ్లైలను తడిగా డబ్బాలో పెడితే ఒక్క కొక్కెం తుప్పు పక్కవాటికి పాకుతుంది. రాత్రంతా డబ్బా మూత తెరిచి ఉంచండి. ఈకలను పురుగు తినకుండా నాఫ్తలీన్ ఉండలు వేయొచ్చు గానీ, ప్లాస్టిక్ డబ్బాలో, లైనుకు దగ్గరలో వేయకండి.

కొసన కట్టే సన్న నైలాను దారం మీద 5ఎక్స్ వంటి గుర్తుంటుంది. 11 లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యోవంతుల్లో దాని మందం వస్తుంది, 5ఎక్స్ అయితే 6 వెయ్యోవంతులు. ఎండ తగిలితే పెళుసెక్కుతుంది. ప్రతిసారీ ఒక మూర లాగి తెంపి చూడండి. తేలిగ్గా తెగితే కండెను పారేయండి.

మేనల్లుడు చివరికి అడిగాడు, ఆ వంకర పోతుందా అని. వెదురును మెల్లగా వేడి చేసి సరిచేసేవాళ్ళున్నారు, కానీ ఇంత పాత జిగురును వేడికి పెట్టే ధైర్యం నాకు లేదు. కర్ర ఇప్పుడు తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. నడిమి ముక్క ఇంకా కాస్త ఎడమకే చూస్తుంది. విసిరేటప్పుడు మణికట్టును గోరంత కుడికి తిప్పితే లైను తిన్నగా పడుతుంది. వాడు మా మేడ మీద, కొక్కెం బదులు ఉన్ని పోచ కట్టుకుని, పొద్దున్నుంచీ అదే నేర్చుకుంటున్నాడు. సిమెంటు మీద లైను గీసుకుపోకుండా కింద పాత జంబుకాణం పరిచాను.