దూరం నుంచే కంప్యూటర్ మరమ్మతు: ఏ సాఫ్ట్‌వేర్ మేలు?

మండల కేంద్రాల్లోని జిరాక్స్ సెంటర్లలో కంప్యూటర్ మొరాయిస్తే మెకానిక్ కోసం పట్నానికి కబురంపే అగత్యం తప్పింది. అతడు తన కొట్టులోనే కూర్చుని ఇక్కడి తెర చూస్తూ లోపం సరిచేస్తున్నాడు. అయితే ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలన్నదే చిక్కు.

విండోస్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ కలదు. కాని చవక కంప్యూటర్లలో వచ్చే హోమ్ రకంలోకి దాని ద్వారా ప్రవేశించడం కుదరదు, ప్రో రకం ఉండాలి. దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచితే దొంగకు తలుపు తీసినట్లే. టీమ్‌వ్యూయర్ సొంత వాడకానికి ఉచితం. వ్యాపారానికి వాడుతున్నట్లు పసిగడితే మధ్యలోనే తెంపేస్తుంది. ఉచితమనగానే ఎగబడే దుకాణదారులకు ఈ సంగతి తర్వాతగాని తెలియదు! రస్ట్‌డెస్క్‌ను సొంత సర్వరుపై నడుపుకోవచ్చు, అది తెలిసినవారి పని. చిన్న కొట్టుకు గూగుల్ వారి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ చాలు. ఒక్కసారికే చెల్లే కోడ్ ఇస్తుంది, ఖర్చు లేదు.

అసలు భయం వేరే ఉంది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని నమ్మించి, ఫోనులో ఎనీడెస్క్ వేయించి, తెరపై కనిపించే నంబరు రాబట్టి ఖాతాలు ఊడ్చేసే ముఠాలున్నాయి. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు దీనిపై హెచ్చరించింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నంబరు ఎవరి చేతిలో పడిందన్నదే లెక్క. మనం పిలిచిన మెకానిక్‌కు తప్ప దాన్ని చెప్పరాదు. పని ముగిసేదాకా తెర ముందునుంచి లేవరాదు.