భూమిని పట్టినవా డెవడు?

‘టెనెంటు’ అను ఆంగ్లపదము వినగానే మనకు కౌలుదారు స్ఫురించును. లాటిను భాషలో ఆ పదమూలమునకు ‘పట్టుకొనుట’ యని యర్థము. ‘జమీందారు’ అను పారసీకపదమునకును భూమిని పట్టుకొన్నవాడనియే యర్థము. ఒకే యర్థముగల రెండు మాటలలో నొకటి కౌలుదారునకు చెల్లినది. రెండవది ప్రభువునకు బిరుదమైనది. ఈ వింతకు కారణము చరిత్రలో నున్నది.

1066లో విలియము ఇంగ్లండును జయించిన పిమ్మట, భూమికంతకును రాజొక్కడే స్వామి యను సిద్ధాంతము నెలకొన్నది. తక్కినవారెల్లరు, మహాప్రభువులు సహితము, టెనెంటులే. భూమిని పొందినవాడు ప్రభువునెదుట మోకరిల్లి, జోడించిన చేతులను ఆయన చేతులలో నుంచి, ‘నేను నీ మనిషిని’ అని ప్రమాణము చేయవలెను. ‘హోమేజి’ యను మాట ‘మనిషి’ యను లాటిను పదమునుండియే పుట్టినది. తెలంగాణపు గడీలయెదుట ‘నీ బాంచను దొరా’ యన్న దీనాలాపమును ఎరిగిన మనకిది కొత్తగాదు. కాని యొక భేదము కలదు. ఇంగ్లండులో ఆ ప్రమాణము ప్రభువును సైతము బంధించెను: తన మనిషిని, అతని భూమిని రక్షించుట ఆయన విధి. ‘లార్డు’ అను మాటకు ప్రాచీనార్థము ‘రొట్టెను కాపాడువాడు’.

ఆ రొట్టెకు ధాన్యము పండించిన ‘విల్లెను’ గతి వేరు. ఆ పేరునకు పల్లెవాడని మాత్రమే యర్థము. అతడు వారమున కొన్నిదినములు ప్రభువు పొలమున వెట్టి చేయవలెను. కూతురి పెండ్లికి రుసుము చెల్లింపవలెను. అతడు మరణించినచో ఇంటిలోని మేలైన పశువు ప్రభువు పాలగును. తన భూమికై ప్రభువుపై రాజన్యాయస్థానమున దావా వేయు హక్కు అతనికి లేదు. ఈతని పేరే కాలక్రమమున ‘విలన్’ అయి దుర్మార్గునకు నామమైనది. చెమటోడ్చినవాని పేరును తిట్టుగా మార్చినవారెవరో చెప్పనక్కరలేదు.

1381లో ఇంగ్లండు రైతులు తిరుగబడి ప్రభువుల దస్తావేజులను తగులబెట్టిరి. వెట్టి పోవలెననియు, ఎకరమునకు నాలుగు పెన్నీలు మాత్రమే శిస్తుండవలెననియు కోరిరి. రాజు వాగ్దానము చేసెను. పిదప దానిని రద్దుచేసెను. 1660లో పార్లమెంటు శాసనము చేసి, ప్రభువులు రాజునకు చేయవలసిన సైనికసేవాదులను తొలగించెను. ఆ నష్టము పూరించుటకు మద్యాదులపై సుంకము వేసిరి. భారము సామాన్యునిపై బడినది. విల్లెను హక్కునుండి పుట్టిన ‘కాపీహోల్డు’ మాత్రము 1926 వరకు నిలిచెను. పైవాని విధులు ముందు పోయినవి. క్రిందివాని బంధములు రెండువందల అరువదియారేండ్లు మిగిలినవి. ప్రభువు స్వామి యయ్యెను. టెనెంటు టెనెంటుగనే యుండెను.

విధులు వదలిన ఈ స్వామ్యభావమునే ఆంగ్లేయులు 1802లో శాశ్వతపరిష్కారముతో చెన్నరాజధానికి తెచ్చిరి. శిస్తు వసూలుచేయు జమీందారు నాటితో భూస్వామి యయ్యెను. రైతునకు 1908లో సాగుహక్కు శాసనబద్ధమైనది. 1948 చట్టముతో జమీందారీ రద్దైనది. తెలంగాణములో జాగీర్లు 1949లో తొలగినవి.

అయినను కథ ముగియలేదు. దొరలు పోయినను, పరుల భూమిని దున్నువారు పోలేదు. ‘కౌలు’ అరబ్బీపదము, దానికి ‘ఇచ్చిన మాట’ యని యర్థము. ఆంధ్రప్రదేశములో 2011లోను, 2019లోను కౌలుదారుల గుర్తింపునకై చట్టములు చేసిరి. 2019 చట్టముప్రకారము ఒప్పందముపై భూస్వామి సంతకము కావలెను. సంతకము చేసిన భూమి చేజారునను భయముచే పలువురు వెనుదీసిరి. ఆ చట్టము పదునొకండు నెలల సాగుహక్కునే గుర్తించినది, స్వామ్యమును తాకలేదు. వ్రాతలేని కౌలుదారునకు బ్యాంకు అప్పు దుర్లభము. పంట మునిగిననాడు పరిహారము పట్టాదారు పేరిట పోవును.

భూమిగల మన పాఠకులు ఒక్క విషయ మాలోచింతురు గాక. కౌలనగా మాట యైనప్పుడు, ఆ మాటను కాగితముపై నుంచుటకు సందేహమేల? విధి లేని స్వామ్యము మధ్యయుగపు ప్రభువులకు సైతము తొలుత లేదు.