బోరు నీళ్లు పోసి పోసి ట్రాక్టర్‌ని మేమే పాడు చేసుకున్నాం

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. నా కుడి చెయ్యి మీద ఈ మచ్చ కనిపిస్తోంది కదా, మోచేతి కింద? దీని కథ చెప్తా. చాలామంది బైక్ యాక్సిడెంట్ అనుకుంటారు. కాదు, ట్రాక్టర్ రేడియేటర్ మూత.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద వరి. మా నాయిన దగ్గర 25 హార్స్‌పవర్ చిన్న డీజిల్ ట్రాక్టర్ ఉంది, రెండు సిలిండర్లది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. వయసులో నాకంటే కొంచెమే చిన్నది. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు, మాది. వానాకాలం నాట్ల టైమ్‌లో నేను సెలవు పెట్టి ఊరెళ్లా. మా మడి అయ్యాక ఇంకో ముగ్గురి మళ్లకు కిరాయికి దమ్ము చేస్తామని ఒప్పుకుని ఉన్నాం. రెండో రోజు మధ్యాహ్నం బానెట్ కింద నుంచి పొగ లేచింది. పొగ కాదు, ఆవిరి. టెంపరేచర్ ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి ముందుగా చెప్పేవాళ్లే లేరు.

బీటెక్ చదివిన నేనేం చేశానంటే, గోనెసంచి చుట్టి మూత తిప్పా.

ఇక్కడ ఒక్క నిమిషం ఫిజిక్స్. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. రేడియేటర్ మూతలో స్ప్రింగ్ ఉంటుంది, లోపల ప్రెషర్ పట్టి ఉంచుతుంది. బయటి గాలి కంటే అర బార్ ఎక్కువ ప్రెషర్ ఉన్నా చాలు, నీళ్లు 110 డిగ్రీలు దాటేదాకా మరగవు. మూత తీసిన క్షణం ప్రెషర్ పోతుంది, అప్పటిదాకా ఊరుకున్న నీళ్లు ఒక్కసారిగా మరిగి పైకి తంతాయి. విజిల్ పోకుండా కుక్కర్ మూత తీస్తే ఏమవుతుందో అదే. ఇంకో తప్పు కూడా జరిగింది. నేను చెయ్యి పట్టుకుని అరుస్తుంటే నాయిన కంగారులో కాలువ నీళ్లు బకెట్‌తో తెచ్చి ఆ వేడి ఇంజన్‌లోనే పోశాడు. హెడ్ వంగింది, గ్యాస్కెట్ పోయింది. లేత్ షాపులో హెడ్ సాఫు చేయించడం, రేడియేటర్ పని, అన్నీ కలిపి 14 వేలు. ఒప్పుకున్న ముగ్గురూ వేరే ట్రాక్టర్ చూసుకున్నారు, అందులో ఒకరు మా మేనమామ. ఆ మాట ఇప్పటికీ పెళ్లిళ్లలో వస్తుంది.

మెకానిక్ అన్న రేడియేటర్ పై ట్యాంక్ విప్పి నన్ను పిలిచాడు. "తమ్మీ, ఇటు చూడు." లోపల సన్న గొట్టాలు వరసగా ఉంటాయి. సగానికి పైగా మూసుకుపోయినయ్, తెల్లగా, సున్నం కొట్టినట్టు. నాయిన అన్నాడు: "నీళ్లే గదరా పోసినం, ఇంకేం పోసినం?"

అసలు పాయింట్ అదే. పోసింది బోరు నీళ్లు. హాస్టల్‌లో బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ గుర్తుందా? రెండు నెలలకే తెల్లగా గార కట్టేది. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం వేడి తగిలిన చోట గట్టిపడి అంటుకుంటుంది. ఇంజన్‌లో అన్నిటికంటే వేడి చోటు సిలిండర్ చుట్టూ, హెడ్ లోపల. అంటే వేడి ఎక్కడి నుంచి తప్పకుండా బయటికి పోవాలో సరిగ్గా అక్కడే ఈ పొర కూర్చుంటుంది. లోహంతో పోలిస్తే ఇది వేడిని చాలా తక్కువ పోనిస్తుంది. ఆర్‌ఓ వాళ్ల దగ్గరుండే టీడీఎస్ మీటర్‌తో మా బోరు చూశా, 1100 దాటింది. అంటే లీటరుకు ఒక గ్రాము పైనే లవణాలు. అదంతా గార అవ్వదు, కానీ ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, లవణాలు లోపలే ఉండిపోతాయి. మేం రోజూ పొద్దున అర లీటరు, లీటరు పోసేవాళ్లం, దాన్నే మెయింటెనెన్స్ అనుకున్నాం. నా పాత ఉద్యోగంలో మెమరీ లీక్ ఉన్న సర్వర్‌ని రోజూ రాత్రి రీస్టార్ట్ చేసేవాళ్లం, బగ్ మాత్రం ఎవరూ వెతకలేదు. సేమ్ టు సేమ్. రోజూ నీళ్లు తగ్గుతున్నాయంటే ఎక్కడికి పోతున్నాయో కనుక్కోవాలి. హోస్ క్లిప్ దగ్గరా, మూత రబ్బరు పోయిందా, వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది, దాంట్లోంచి కారుతోందా (కారితే లోపల సీలు పోయినట్టే, ఆ రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో మూసే మహానుభావులున్నారు, దయచేసి వద్దు). బయట ఎక్కడా తడి లేకుండా తగ్గుతుంటే అప్పుడు భయపడాలి. ఇంజన్ ఆయిల్ పాల టీ రంగులోకి మారినా, ఇంజన్ తిరుగుతుంటే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా గ్యాస్కెట్ మీద అనుమానం. ఆ బుడగలు చూడాలంటే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, ఆ తర్వాత స్టార్ట్ చేయాలి.

మరి ఏం పొయ్యాలి? డిస్టిల్డ్ వాటర్, అదే బ్యాటరీ నీళ్లు, దాంతో పాటు కూలెంట్. "మనకు మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు?" అని నేనూ అనుకున్నా. గడ్డకట్టకుండా ఉండటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. మనకు పనికొచ్చేది తుప్పు ఆపే గుణం. ఆర్‌ఓ నీళ్లు ఒక్కటే పోస్తే గార తగ్గుతుంది గానీ తుప్పు ఆగదు. డబ్బా మీద రెడీ మిక్స్ అని ఉంటే మళ్లీ నీళ్లు కలపొద్దు. రంగు చూసి రెండు రకాలు కలపొద్దు. మీ మాన్యువల్ ఏ రకం చెప్తే అది.

నీళ్ల సంగతి సగమే, మిగతా సగం గాలి. దమ్ములో గేరు చిన్నది, లోడు ఎక్కువ, బండి నడకేమో నత్తనడక. ఎదురుగాలి ఏమీ ఉండదు, ఫ్యాన్ లాగినంతే గాలి. రేడియేటర్ సన్న రేకుల మధ్య బురద, గడ్డి, కోతల టైమ్‌లో ఊక ఇరుక్కుంటే ఆ కాస్త కూడా పోదు. మామూలుగా ఫ్యాన్ ముందు నుంచి గాలి లాగుతుంది, చెత్త ముందు వైపు పడుతుంది. అందుకే ఫ్యాన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, అదీ ఇంజన్ చల్లారాక, మెల్లగా. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గర పెట్టి కొడితే రేకులు మడత పడిపోతాయి. బెల్ట్ మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. మరీ వదులైతే జారుతుంది, మరీ బిగిస్తే పంపు బేరింగ్ తింటుంది.

థర్మోస్టాట్ గురించి మెకానిక్ అన్నతో నాకు గొడవే అయింది. "ఎండల దేశం తమ్మీ, తీసి పారేద్దాం" అన్నాడు. తీసేస్తే ఇంజన్ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా పాడవుతుంది. కొన్ని ఇంజన్లలో ఇంకో తిరకాసు ఉంది. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూసేస్తుంది. అది లేకపోతే కొన్ని వేడి నీళ్లు రేడియేటర్‌కి పోకుండానే తిరిగి ఇంజన్‌లోకి వెళ్తాయి. తీసేసే ముందు పరీక్ష చేయండి. గిన్నెలో నీళ్లు, థర్మామీటర్, పొయ్యి చాలు. దాని మీద 82 అని ఉంటే ఆ వేడికి అటూ ఇటూగా తెరుచుకోవడం కళ్లతో చూడొచ్చు. మాది తెరుచుకోలేదు. కొత్తది వేశాం. గొడవలో ఇద్దరం గెలిచాం అన్నమాట.

చచ్చిన టెంపరేచర్ మీటర్‌ని మాత్రం అదే రోజు బాగు చేయించాం. ముల్లు ఎర్ర గీత వైపు పోతే ముందు లోడు తీసేసి, ఐడిల్‌లో ఉంచి చూడాలి. బెల్ట్ తెగినా, నీళ్లు కారిపోయినా వెంటనే ఆపేయడమే. మూత జోలికి ఎప్పుడెళ్లాలంటే, పై హోస్ పైపు చేత్తో హాయిగా పట్టుకోగలిగినప్పుడు. అరగంట పట్టొచ్చు, ఇంకా ఎక్కువ కూడా. బీడీ తాగండి అని నాయిన సలహా, నేను రీల్స్ అంటా.

పాత కూలెంట్ తీసేటప్పుడు కింద టబ్ పెట్టండి, కాలువలో వదలొద్దు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, తాగితే కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. మా షెడ్డులో ఇప్పుడు 5 లీటర్ల క్యాన్ ఉంది, అటక మీద, పిల్లలకు అందకుండా. దాని మీద నాయిన మార్కర్‌తో రాశాడు: "ట్రాక్టర్‌ది. తాగొద్దు. బోరు నీళ్లు కలపొద్దు." రెండో లైన్ కింద ఒక గీత, మూడో లైన్ కింద రెండు గీతలు.

వచ్చే ఎపిసోడ్‌లో అదే ట్రాక్టర్ ఎయిర్ క్లీనర్, ఆయిల్ గిన్నె ఉన్న పాత రకం. ఉంటా మరి.